తాలూకాకు ఒక్క అయ్యవారు (గండికోట సీమలో బడుల పంపకం కథ)



గండికోటను గురించి వ్రాయబూనినవారు సాధారణంగా పెమ్మసాని వారి పరాక్రమంతోనో, పెన్నానది లోయ సౌందర్యంతోనో మొదలుపెడతారు. మీర్ జుమ్లా ముట్టడి, 1652లో రత్నాల వర్తకుడు టావెర్నియర్ రాక, మాధవరాయస్వామి ఆలయం, జుమ్మా మసీదు, ధాన్యాగారం, ఇవన్నీ ఇప్పటికే పలువురు పెద్దలు వ్రాశారు. వారి వ్రాతలకు నేను చేర్చగలిగినది అత్యల్పం. నా వృత్తి బడిపంతులు వృత్తి. అందుచేత ఈ వ్యాసాన్ని ఒక బడిపిల్ల ప్రశ్నతో మొదలుపెడుతున్నాను.

చాలా ఏండ్ల క్రిందట మా పాఠశాల పిల్లలను గండికోట విహారయాత్రకు తీసుకొనిపోయాము. ధాన్యాగారం చూపించి, కరవు కాలానికి రాజులు గింజలను ఎట్లా నిలవచేసుకొనేవారో వివరిస్తున్నాను. ఏడవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి అడిగింది: "సార్, గుడి ఉంది, మసీదు ఉంది, జైలు ఉంది, గింజల కొట్టు ఉంది. పిల్లోల్లకు బడి యాడుంది సార్?"

నేను ఆనాడు సరైన జవాబు చెప్పలేకపోయాను. "అప్పుడు బడికి వేరే కట్టడం ఉండేది కాదమ్మా" అని దాటవేశాను. జవాబు అబద్ధం కాదు గాని అసంపూర్ణం. ఆ ప్రశ్న వెంటబడి నేను చదివినదీ, నా ఉద్యోగ జీవితంలో చూచినదీ కలిపి ఇక్కడ విన్నవించుకొంటున్నాను.

అరుగు మీది బడి

మన సీమలో పూర్వం బడి అంటే గోడలు కావు, అయ్యవారే. ఆయన కూర్చున్న చోటు బడి. గుడి మండపం, మసీదు వసారా, రెడ్డిగారి ఇంటి అరుగు, రావిచెట్టు నీడ, ఏదైనా కావచ్చు. అందుకే కోటలో వెదికితే బడి కనబడదు. అయ్యవారు పోతే బడి పోయినట్లే. ఈ మాటను చదువరులు గుర్తుంచుకోవాలని ప్రార్థన. తరువాతి 200 సంవత్సరాల కథ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

1800లో నైజాము ఈ ప్రాంతాన్ని ఆంగ్లేయులకు వదలివేసిన సంగతి తెలిసినదే. దత్తమండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడే పనిచేశాడు. ఊరూరా డేరా వేసుకొని పొలాలు కొలిపించి, రైతు రైతుకూ శిస్తు కట్టినవాడు. 1808లో దత్తమండలాలు బళ్ళారి, కడప అను రెండు జిల్లాలయినాయి. మన్రో మాత్రం 1820లో మద్రాసు గవర్నరై తిరిగి వచ్చాడు. వచ్చిన రెండేండ్లకు, 1822 జూన్‌లో, ఆయన కలెక్టర్లందరికీ ఒక ఆదేశం పంపాడు. మీ జిల్లాలో బడులెన్ని, చదివేవారెందరు, ఏ కులంవారు, ఆడపిల్లలెందరు, ఏమి చదువుతున్నారు, లెక్క వ్రాసి పంపమన్నాడు. పొలం కొలిచిన చేయి బడిని కూడా కొలవదలచిందన్నమాట.

ఈ లెక్కలను ధర్మపాల్ గారు 1983లో తన గ్రంథంలో ప్రచురించిన తరువాత వీటి మీద వాదోపవాదాలు చాలా జరిగాయి. మన ప్రాచీన విద్య మహావైభవంగా ఉండెనని ఒకరు, ఏమీ లేకుండెనని మరొకరు. ఆ తగవులోకి నేను పోను. మనకు దగ్గరగా ఉన్న బళ్ళారి నివేదికను మాత్రం కొంత నిదానంగా చూద్దాం. ఆనాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం సీమ, ఆదోని ప్రాంతం కలిసి ఉండేవి.

దాన్ని 1823లో వ్రాసినవాడు ఏ.డి. కాంబెల్. తెలుగు పండితులకు ఈయన కొత్తవాడు కాడు. 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించినవాడే. ఆయన లెక్క ప్రకారం జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదివేవారు 6,641 మంది. అంటే వెయ్యిమందికి ఏడుగురు, బడికి 12 మంది. 235 బడులలో కన్నడం, 226 బడులలో తెలుగు, 23 బడులలో మరాఠీ, 21 బడులలో పారసీకం, 4 బడులలో తమిళం, ఒక్క బడిలో ఇంగ్లీషు. ఇవి గాక బ్రాహ్మణులు మాత్రమే చదివే సంస్కృత పాఠశాలలు 23. మొత్తం 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. వైభవమన్న వారూ, శూన్యమన్న వారూ కూడా ఈ చివరి అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగవలసి ఉంటుంది.

కాంబెల్ బడి నడిచే తీరు కూడా వ్రాశాడు. పొద్దున్నే మొదట వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాస్తారట. రెండవవానికి సున్న. మూడవవాడు మొదలుకొని క్రమంగా బెత్తం దెబ్బలు. ఇసుకలో అక్షరాలు దిద్దించడం, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం ఆయనకు బాగా నచ్చాయి. ఒక్క అయ్యవారు నానా వయస్సుల పిల్లలను ఎట్లా నడపగలడన్న ప్రశ్నకు మనవారు కనిపెట్టిన ఉపాయం అది. మద్రాసులో ఉండిన ఆండ్రూ బెల్ దానికి ప్రచారం చేయగా, 'మద్రాసు పద్ధతి' అను పేరుతో ఇంగ్లండులో పేదపిల్లల బడులకు ఎక్కింది. ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసినవారు ఈ పద్ధతిని ఎవరూ నేర్పకుండానే నేర్చుకొంటారు. నేనూ నేర్చుకొన్నాను.

బడులు క్షీణించడానికి కారణం కూడా కాంబెల్ దాచలేదు. దేశం బీదదైపోయిందన్నాడు. యూరపు బట్ట వచ్చి నేతపనివారి సంపాదన పోయిందన్నాడు. రెండుపూటలా గింజలు లేని ఇంటి బిడ్డ చిన్న చేతులతోనైనా కూలిపనికే పోతుందని ఆయన గ్రహించాడు.

కడప కలెక్టరు 1825లో పంపిన జవాబులో మరొక చిత్రం ఉన్నది. చదువుకొనే స్తోమత లేని బ్రాహ్మణ బాలుడు 10, 16 ఏండ్ల నడుమ ఇల్లు విడిచి, ఉచితంగా చెప్పే గురువు ఉన్న ఊరు వెదుక్కొంటూ పోతాడు. ఆ చుట్టుపట్ల ఇండ్లలో దొరికే అన్నం తింటూ ఏండ్ల తరబడి చదువుతాడు. గురువు ఎక్కడ ఉంటే పిల్లవాడు అక్కడికి పోవాలి. మాలమాదిగ పేటలోని పిల్లవానికి ఆ దారి కూడా లేదు. పిల్లలున్న చోటికి గురువును పంపవలసిన బాధ్యత ఎవరికీ లేని కాలం అది.

340 మంది అయ్యవార్ల పథకం

జిల్లాల జవాబులన్నీ చేరిన తరువాత 1826 మార్చి 10వ తేదీన మన్రో తన అభిప్రాయపత్రం వ్రాశాడు. నా ఎరుకలో మన ప్రాంతానికి సంబంధించి సర్కారు బడుల తొలి ప్రణాళిక ఇదే. మద్రాసు రాజధాని మొత్తంలో 1,28,50,941 మంది జనానికి 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు అని తేలింది. ఇంటి వద్ద చదివేవారిని కూడా కలిపితే, 5 నుండి 10 ఏండ్ల మగపిల్లలలో మూడవవంతు మంది ఏదో ఒక చదువు పొందుతున్నారని ఆయన అంచనా.

బడులు ఎందుకు బాగులేవన్న ప్రశ్నకు ఆయన చెప్పిన సమాధానం నేటికీ చెవిన పెట్టదగినది. అయ్యవారికి నెలకు ఆరేడు రూపాయలు కూడా మించి రావడం లేదు, అంతమాత్రానికి తగిన విద్యావంతుడు ఈ వృత్తిలోకి రాడు, అని ఆయన తేల్చాడు. పిల్లలను నిందించలేదు, తల్లిదండ్రులను నిందించలేదు. జీతంలోనూ, తర్ఫీదులోనూ దోషం చూచాడు.

ఆయన పథకం ఇట్లా ఉన్నది. ప్రతి కలెక్టరు జిల్లాలోనూ రెండు పెద్దబడులు, ఒకటి హిందువులకు, ఒకటి మహమ్మదీయులకు. ఉపాధ్యాయునికి నెలకు 15 రూపాయలు. ప్రతి తహశీలుకూ ఒక బడి. ఉపాధ్యాయునికి నెలకు 9 రూపాయలు. పెద్దబడులు 40, తహశీలు బడులు 300. పాఠ్యపుస్తకాలు అచ్చువేయించి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే మద్రాసు పుస్తక సంఘానికి నెలకు 700 రూపాయలు. మొత్తం నెలకు 4,000, ఏడాదికి 48,000 రూపాయలు.

ఇందులో మంచిని ముందు చెప్పుకోవాలి. మొదట లెక్క, తరువాత కారణ విచారం, అటుపై శిక్షణ, పుస్తకం, జీతం, ఆ తరువాత చోటు. ఈ వరుస తప్పలేదు. మరొక గొప్ప సంగతి ఏమంటే పంపకంలో సమత్వం. సారవంతమైన తంజావూరు తహశీలుకు ఎంతో, ఎండిన జమ్మలమడుగు తహశీలుకూ అంతే. ఊరివారు చందా ఇస్తేనే బడి అనలేదు.

ఇక లోపం. 12,498 బడులున్న దేశానికి 340 మంది అయ్యవార్లు! గండికోట కొండమీది పిల్లవాడు తహశీలు బడికి పోవాలంటే కొండ దిగి, జమ్మలమడుగు దాకా సుమారు 15 కిలోమీటర్లు నడవాలి. సమానంగా పంచాడు గాని పంచడానికి సరిపడా తీసుకోలేదు. మన్రో దీన్ని మొదటి మెట్టుగానే తలచాడు. రెండవ మెట్టు ఎక్కే ఆయుస్సు ఆయనకు లేకపోయింది. 1827 జూలై 6న కర్నూలు సీమలోని పత్తికొండలో కలరా సోకి మరణించాడు. ఆయన పెట్టిన బడులను ఆయన తరువాతి వారు పట్టించుకోక, 1830ల దశకంలో ఎత్తివేశారు. అప్పటికి మెకాలే మాట చెల్లుబాటు కావడం మొదలయింది. పల్లెలోని తెలుగు బడి కన్న పట్టణంలోని ఇంగ్లీషు చదువు ముఖ్యమైంది.

ఇదే కాలంలో కడపలో మరొక ప్రయత్నం జరిగింది. మద్రాసు కళాశాలలో మన్రో ప్రసంగం విని, దేశభాష నేర్వాలన్న ఉత్సాహంతో 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌను, మరుసటి ఏడే తన జీతంలోనుండి డబ్బు పెట్టి ఉచిత పాఠశాలలు తెరిచాడు. తెలుగు వాఙ్మయానికి ఆయన చేసిన సేవ తలచుకొన్నప్పుడల్లా చేతులు జోడించవలసిందే. ఆయన నివసించిన చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుదలతో నిలబెట్టిన గ్రంథాలయం మా జిల్లాకు తీర్థస్థలం. కాని ఒక ఉద్యోగి జీతం మీద నడిచే బడి ఆ ఉద్యోగి బదిలీతో దిక్కులేనిదౌతుంది. దాత ఎంత గొప్పవాడైనా దానం వ్యవస్థ కాజాలదు.

డబ్బున్న చోటికే బడి

ఆ తరువాతి 100 సంవత్సరాలను త్వరగా దాటుతాను. 1854లో వుడ్ పంపిన తాఖీదుతో సహాయక గ్రాంటుల పద్ధతి వచ్చింది. ఊరివారు కొంత ఇస్తే సర్కారు కొంత ఇస్తుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని వాన లేని సీమలో ఊరివారు ఇచ్చేదేమిటి? 'ఫలితాన్ని బట్టి జీతం' అను పద్ధతి మరింత చిత్రమైనది. పరీక్షాధికారి వచ్చి, ఉత్తీర్ణులైన పిల్లలను బట్టి అయ్యవారికి డబ్బు లెక్కకట్టేవాడు. పిల్లలు గొడ్ల వెంట పోకుండా ఏడాది పొడుగునా బడికి వచ్చే ఊరే అయ్యవారికి లాభం. 1876-78 నాటి ధాతుకరువు దత్తమండలాలను ఊడ్చిపెట్టినపుడు, కరవు ఊరి బడిలో ఏ అయ్యవారు ఉండగలడు? ఆయన తప్పు కాదు. లెక్క కట్టిన తీరే ఆయనను తరిమింది.

1871 చట్టంతో స్థానిక నిధులు, 1884 చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వచ్చాయి. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. ఏ ఊరికి బడి లేదో చూచి, కొత్త బడులకు పథకం వేయడానికి జిల్లాకొక విద్యామండలి ఏర్పడింది. మన్రో తరువాత దాదాపు ఒక శతాబ్దానికి మళ్ళీ జిల్లాను ఒక్క చూపుతో చూచే ఆలోచన పుట్టింది. అయితే 1929లో హార్టాగ్ సంఘం, బడుల సంఖ్య పెరిగినా పిల్లలు ఒకటవ తరగతిలోనే నిలిచిపోవడం, మధ్యలో మానివేయడం ఎక్కువైనదనీ, ఏకోపాధ్యాయ పాఠశాలలు దీనికొక కారణమనీ ఎత్తిచూపింది. పెద్దపిల్లలచేత చెప్పించే పాత ఉపాయం ఇసుకలో అక్షరాలకు సరిపోయింది గాని, అయిదు తరగతుల పాఠ్యప్రణాళికకు సరిపోలేదు.

సమితి కాలం, నా కాలం

1959 నవంబరు 1న పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. ప్రాథమిక పాఠశాలలు సమితుల క్రిందికి, ఉన్నత పాఠశాలలు పరిషత్తుల క్రిందికి పోయాయి. ఊరి పెద్దలకే బడి మీద అధికారం ఉంటే మేలు జరుగుతుందని ఆశ. మేలు కొంత జరిగింది. మా తరం వారిలో పలువురం సమితి బడులలో చదివి పైకి వచ్చినవాళ్ళమే. కాని ఉపాధ్యాయుని బదిలీ కూడా ఊరి రాజకీయంలో ఒక పావు అయింది. నచ్చినవానికి రోడ్డు ప్రక్క బడి, నచ్చనివానికి కొండక్రింది బడి. మారుమూల పల్లె శిక్షాస్థలమైంది. శిక్షగా వచ్చినవాడు ఆ పిల్లలకు ఏమి చెప్పగలడో ఆలోచించినవారు లేరు.

ఈ చోట నా సొంత తప్పు ఒకటి చెప్పుకోకపోతే ఈ వ్యాసానికి నిజాయితీ ఉండదు. పండిత శిక్షణ పూర్తికాకముందు నేను సెకండరీ గ్రేడు ఉపాధ్యాయునిగా ఎర్రమల కొండల క్రింద ఒక చిన్న పల్లెలో చేరాను. ఏకోపాధ్యాయ పాఠశాల. అయిదు తరగతులు, ఒక గది, ఒక వేపచెట్టు. బస్సు దిగి గంటన్నర నడక. మూడేండ్లు చేశాను. తరువాత ఒక పెద్దమనిషి సిఫారసు ఉత్తరం సంపాదించి, బస్సు తిరిగే ఊరికి మారిపోయాను. నాకు కారణాలున్నాయి. చంటిబిడ్డ, జబ్బుతో ఉన్న తల్లి. ప్రతివారికీ కారణాలుంటాయి.

నేను పెట్టె సర్దుకొంటున్నపుడు నాలుగవ తరగతి పిల్లవాడొకడు వాకిట్లో నిలబడి, "సార్, మల్లా ఎవురొస్తారు?" అన్నాడు. "వస్తార్లేరా" అన్నాను. ఏడాది పైన ఎవరూ రాలేదని తరువాత తెలిసింది. ప్రక్క ఊరి ఉపాధ్యాయుడు వారానికి రెండురోజులు డెప్యుటేషన్ మీద వచ్చి హాజరుపట్టీ పూర్తిచేసి పోయేవాడట. ఆ పిల్లవాడు ఆరవ తరగతికి చేరలేదు. గండికోటలో ఆ అమ్మాయి బడి యాడుందని అడిగినపుడు నాకు వెంటనే మాట రాకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

నా మీద నాకున్న కోపాన్ని ప్రక్కనపెట్టి ఆలోచిస్తే, ఒక సంగతి స్పష్టమైంది. మారుమూల పల్లెకు అయ్యవారిని అయ్యవారి త్యాగబుద్ధికి వదలిపెట్టరాదు. పది మందిలో ఒకడు త్యాగి ఉంటాడు. మిగిలిన తొమ్మండుగురూ నావంటివారే. ఆ తొమ్మండుగురితోనే జిల్లా అంతటా బడులు నడవాలి. కనుక నియమం కావాలి.

సగటు చేసే మోసం

నియమం మెల్లమెల్లగా వచ్చింది. 1964-66 నాటి కొఠారీ సంఘం జిల్లాను విద్యా ప్రణాళికకు ముఖ్యమైన ప్రమాణంగా చూడమన్నది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులతో ఉపాధ్యాయ నియామకాలకు జిల్లా స్థానిక విభాగమైంది. 1987లో మొదలైన నల్లబల్ల పథకం ఏకోపాధ్యాయ పాఠశాలకు రెండవ ఉపాధ్యాయుణ్ణి, వీలైతే ఉపాధ్యాయినిని, ఇవ్వాలన్నది. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం మన రాష్ట్రంలో మొదలైన అయిదు జిల్లాలలో కర్నూలు ఒకటి. పిల్లలెందరు, బడి ఎంత దూరం, గది ఉందా, ఉపాధ్యాయుడున్నాడా అని ఊరివారీగా లెక్క తీసి, జిల్లాకు జిల్లాయే ప్రణాళిక వ్రాసుకోవడం అప్పుడు అలవాటైంది.

బదిలీలకు కౌన్సెలింగ్ పద్ధతి రావడం మా వృత్తిలో పెద్ద మలుపు. ఖాళీల పట్టిక అందరి ముందూ పెట్టి, ఎవరికి ఎక్కువ పాయింట్లుంటే వారిని ముందు పిలిచి కోరుకోమనడం. ఊర్లను నాలుగు కేటగిరీలు చేశారు. పట్టణంలో ఏడాదికి ఒక పాయింటు వస్తే, దారి సరిగా లేని నాలుగవ కేటగిరీ ఊరిలో అయిదు వస్తాయి. ఎనిమిదేండ్లు ఒకేచోట ఉన్న ఉపాధ్యాయుడు, అయిదేండ్లున్న ప్రధానోపాధ్యాయుడు కదలవలసిందే. సిఫారసు ఉత్తరం విలువ పడిపోయింది. మారుమూల చేసిన సేవ శిక్షగా కాక పెట్టుబడిగా మారింది. కౌన్సెలింగ్ హాలులో రాత్రి రెండు గంటల వరకు పడిగాపులు పడిన ఆనాటి మిత్రులకు ఈ మాటల అర్థం చక్కగా తెలుసు.

అయినా ఒక చిక్కు మిగిలింది. అందరూ కోరుకొన్న తరువాత కొండక్రింది బడి ఖాళీగానే ఉండిపోతుంది. దానికోసమే 2020లో పట్టణాలకు దగ్గరి ఖాళీలు కొన్ని చూపకుండా నిలిపివేశారు. ఉపాధ్యాయ సంఘాలు గట్టిగా ఆక్షేపించాయి. పాయింట్లు సంపాదించినవాని హక్కు ఒకవైపు, ఖాళీ బడిలోని పిల్లవాని హక్కు మరొకవైపు. సంఘాల మాటలో న్యాయం లేకపోలేదు. కాని పిల్లవానికి సంఘం లేదు.

2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టంలో నాకు అన్నిటికన్న నచ్చిన నియమం ఒకటున్నది. పిల్లలు, ఉపాధ్యాయుల నిష్పత్తి జిల్లా సగటుగా కాదు, ప్రతి బడిలోనూ ఉండాలి. దీని విలువ తెలియడానికి బడిలెక్క ఒకటి చేద్దాం. పట్టణపు బడిలో 90 మంది పిల్లలు, నలుగురు ఉపాధ్యాయులు. పల్లె బడిలో 60 మంది పిల్లలు, ఒక్క ఉపాధ్యాయుడు. మొత్తం 150 మందికి అయిదుగురు. సగటు 30కి ఒకరు. కాగితం మీద లోపం లేదు! చట్టం ప్రకారం 60 మంది వరకు ఇద్దరు, 61 నుండి 90 వరకు ముగ్గురు ఉండాలి. అంటే అదే అయిదుగురిని ముగ్గురు, ఇద్దరుగా పంచితే రెండు బడులూ నిలబడతాయి. కొత్తగా ఒక్క రూపాయి అక్కరలేదు. ఒక్క ఉపాధ్యాయుడు పట్టణం నుండి పల్లెకు కదలాలి. ఆ ఒక్క కదలికే అన్నిటికన్న కష్టమైనదని 200 ఏండ్ల చరిత్ర చెబుతున్నది.

ఇతర దేశాలవారు దీన్ని ఎట్లా సాధించారని చూస్తే, జపానులో ఉపాధ్యాయుడు ఒక బడికి కాక, ఒక ప్రాంతమంతటికీ చెందినవాడు. కొన్నేండ్లకొకసారి బడి మారడం అక్కడ వింత కాదు. దక్షిణ కొరియాలోనూ అంతే. దూరపు దీవులలో పనిచేసినవారికి పదోన్నతిలో అదనపు పాయింట్లుంటాయి. మన పద్ధతి మూలంలో దానికి దూరమేమీ కాదు. వారు క్రమం తప్పకుండా చేస్తారు. మనం ప్రభుత్వం తలచినపుడు చేస్తాము. అదీ తేడా.

ఇటీవలి మార్పులు

2022 జూన్‌లో వచ్చిన 117వ ఉత్తర్వు ప్రకారం 3, 4, 5 తరగతులను ఒక కిలోమీటరు లోపు ఉన్నత పాఠశాలలకు కలిపారు. పై తరగతులకు సబ్జెక్టు ఉపాధ్యాయులు దొరకాలన్న ఉద్దేశం మంచిదే. కాని క్రింది రెండు తరగతులతో మిగిలిన ఊరిబడులు అనేకం ఏకోపాధ్యాయ పాఠశాలలైనాయి. 2024-25 జాతీయ గణాంకాలలో ఏకోపాధ్యాయ పాఠశాలలు అత్యధికంగా ఉన్న రాష్ట్రం మనదే, 12,912. చదివినపుడు నాకు మన్రో గారి 12,498 గుర్తుకు వచ్చింది. రెండు అంకెలకూ సంబంధం లేదు. అయినా మనస్సు కలుక్కుమన్నది.

2025లో 117వ ఉత్తర్వును ఉపసంహరించారు. అదే ఏడు ఉపాధ్యాయుల బదిలీలకు ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. 16,347 పోస్టులకు డీఎస్సీ నిర్వహించారు. తరగతికొక ఉపాధ్యాయుడుండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ఏర్పరచారు. వీటి ఫలితం చెప్పడానికి ఇంకా కాలం చాలదు. బదిలీ అనేది ఉత్తర్వు నుండి చట్టానికి ఎదగడం మాత్రం మేలైన మార్పు. ఉత్తర్వును మరొక ఉత్తర్వు చెరిపివేస్తుంది. చట్టాన్ని చెరపాలంటే సభలో నిలబడి కారణం చెప్పాలి.

కాని ఆదర్శ పాఠశాల లేని ఊరి సంగతి మరువరాదు. గండికోట జలాశయం క్రింద ఊర్లు మునిగినపుడు ఇండ్లకు, పొలాలకు పరిహారం లెక్కకట్టారు. పునరావాస కాలనీకి ఊరితోపాటు బడీ రావాలి, బడితోపాటు ఉపాధ్యాయుని పోస్టూ రావాలి. పరిహారం పట్టికలో పిల్లవాని చదువుకు గడి ఉండదు. దాన్ని చూడవలసినది జిల్లా ప్రణాళికయే.

నాకు తోచిన నాలుగు మాటలు చెప్పి విరమిస్తాను. మొదటిది, ప్రతి వేసవిలోనూ బడివారీ లెక్క తీయాలి, దానిని ఊరి పంచాయతీ గోడమీద అతికించాలి. రెండవది, సర్దుబాటు జూన్‌లో బడి తెరవకముందే పూర్తికావాలి. దసరా సెలవుల తరువాత వచ్చిన ఉపాధ్యాయునికి సగం పాఠం పోయినట్లే. మూడవది, కొండక్రింది ఊరికి పంపేది కొత్తగా ఉద్యోగంలో చేరినవారిని మాత్రమే కాకూడదు. అనుభవం ఉన్నవారు కూడా వంతు తీసుకోవాలి. నాలుగవది, వెళ్ళినవారికి, ముఖ్యంగా ఉపాధ్యాయినులకు, ఉండడానికి ఒక ఇల్లు, పోయిరావడానికి ఒక బస్సు ఏర్పాటు చేయాలి. ఇవి లేకుండా సేవాధర్మం బోధించడం నావంటివారికి సిగ్గుచేటు.

గండికోట ధాన్యాగారం కట్టినవారికి ఒక సంగతి తెలుసు. గింజలు కొట్టులో ఉన్నంత మాత్రాన ఆకలి తీరదు, ఇంటింటికీ కొలిచి పోయాలి. జిల్లాలో ఉపాధ్యాయుల సంఖ్య చాలినంత ఉన్నదని చెప్పుకోవడం కూడా అంతే.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడ ఉన్నదో తెలియదు. మళ్ళీ కనబడితే చెప్పవలసిన జవాబు ఇది: "అమ్మా, బడి కోటలో లేదు. బడి అయ్యవారి వెంట తిరిగేది. అయ్యవారిని నీ ఊరికి పంపడం ఎట్లాగో మేము 200 ఏండ్లుగా నేర్చుకొంటున్నాము. ఇంకా పూర్తిగా రాలేదు."

తప్పులుంటే పెద్దలు దిద్దగలరు. స్వస్తి.